మేటి పాటలు, నాలుగోసారి

గ్లాస్గో
8 జూన్ 1998

ప్రియమైన ఎల్స్‌పెత్ అత్తకి,

నాన్న ఫోన్లో చెప్పినదానికి నువ్వు "సరే, సరే" అన్నావట. అంటే ఏమీ వినలేదని అర్థం. ముప్పై ఏళ్లు డ్రమ్స్ వాయించిన చెవులకి ఫోను పనికిరాదని నువ్వే అంటావు కదా, అందుకే ఈ ఉత్తరం.

నాకు వేసవి సెలవుల్లో పని దొరికింది. ఎక్కడో తెలుసా, మీ ఆఫీసులోనే. ఎదురుగాలి బ్యాండ్ ఆఫీసు అనగానే ఏదో అనుకున్నాను గానీ బేకరీ పైన రెండు గదులు, ఒక కెటిల్, మూడు కాళ్ల కుర్చీ. ఆ కుర్చీ డూగల్ మావయ్యది. ఆయనకి ఒక్కడికే దాని మీద పడకుండా కూర్చోవడం వచ్చు.

నాలుగో మేటి పాటల ఆల్బం సంగతి నీకు తెలిసే ఉంటుంది. ఈసారి పాటల్ని మీరు కాదు, వినేవాళ్లు ఎంచుతారు. రేడియోలో, పేపర్లో చెప్పారు: పోస్టుకార్డు మీద ఒక్క పాట పేరు రాసి పంపండి, ఎక్కువ ఓట్లు వచ్చిన పదహారు పాటలు ఆల్బంలోకి వెళ్తాయి అని. ఆ కార్డులు విడదీసి లెక్కపెట్టడం నా పని. అదొక్కటే కాదు, ఆల్బంతో వచ్చే చిన్న పుస్తకంలో రెండు పేజీలు నన్నే రాయమన్నాడు మావయ్య. "మన వాళ్లలో పుస్తకాలు చదివేది నువ్వొక్కదానివే, నీకు కాక ఎవరికిస్తాం" అన్నాడు.

మూడు రోజులు కూర్చుని మొదటి వాక్యం రాశాను. చదివి చెప్పు:

"ఉత్తర సముద్రపు లవణానిలాల ఒడిలో పురుడుపోసుకుని, మూడు దశాబ్దాల కాలప్రవాహపు ఒడుదొడుకులకు ఎదురొడ్డి, అసంఖ్యాక శ్రోతృహృదయాల తీరాలను తాకిన మహాతరంగమే ఎదురుగాలి."

"లవణానిలాలు" నేనే కూర్చాను. ఎక్కడా లేదు, నిఘంటువులో కూడా చూశాను.

మొదటి మూడు ఆల్బంల కథ నీకు గుర్తున్నంత రాసి పంపు.

నీ మేనకోడలు,
ఉనా


బకీ
14 జూన్

ఒసే ఉనా,

నీ వాక్యం చదువుతూ చదువుతూ మధ్యలో లేచి టీ పెట్టుకున్నాను. తిరిగొచ్చి చూస్తే అది ఇంకా నడుస్తూనే ఉంది. ఎవరే ఆ మహాతరంగం? మేము ఆరుగురం చేపల పెట్టెలు మోసేవాళ్లం. సాయంత్రాలు చర్చి వెనక హాల్లో వాయించేవాళ్లం. హాలు తాళంచెవి మా దగ్గరుండేది కాబట్టి. అది రాయి.

నువ్వు అడిగినవి చెప్తాను, కాస్త నిదానంగా విను.

మొదటి ఆల్బం 1979లో. పేరు "ఎదురుగాలి మేటి పాటలు". అట్ట మీద ఆరుగురం. అది షాపుల్లోకి వచ్చిన నెలకి కీబోర్డు వాయించే కెన్నెత్ "ఇక గొర్రెలు పెంచుకుంటా" అని వెళ్లిపోయాడు. రెండోది 1987లో, "ఇంకొన్ని మేటి పాటలు". అట్ట మీద ఐదుగురం. ఈసారి బేస్ గిటారు వాడు వెళ్లాడు. వెళ్లాడు అనకూడదు, డూగల్ పక్కకి పిలిచి మెల్లగా చెప్పాడు. మూడోది 1993లో, "నిజంగా మేటి పాటలు". నలుగురం. రెండో గిటారు వాడికి వేలి కీళ్లు పట్టేశాయి. అతనికీ మెల్లగానే చెప్పాడు. ఇప్పుడు మిగిలింది పాడే డూగల్, గిటారు ఇన్నెస్, నేను. బేస్‌కి ఎవరినో ఒకరిని పిలిపించుకుంటున్నాం.

కొత్త పాటలున్న ఆల్బం వస్తుందంటే బ్యాండ్ బతికుందని. మేటి పాటల ఆల్బం వస్తుందంటే ఎవరికో పూలదండ సిద్ధమవుతోందని. ఇది మా ముగ్గురికీ తెలుసు, పైకి ఎవరూ అనరు.

నువ్వు "తెలిసే ఉంటుంది" అని రాశావు. నాకు తెలియదు, తల్లీ. నాలుగోది వస్తోందని నీ ఉత్తరంలోనే మొదటిసారి చూశాను.

కాబట్టి నీ లవణాలూ అనిలాలూ పక్కన పెట్టి సూటిగా చెప్పు. ఈసారి ఎవరు?

సముద్రకాకి నా వెన్నరొట్టె ఎత్తుకుపోయింది. కిటికీ తీసి ఉంచడం నా తప్పే.

అత్త


గ్లాస్గో
25 జూన్

ప్రియమైన అత్తా,

నీ ఉత్తరం చదివి పడీ పడీ నవ్వాను. పూలదండ అట. అంత సీరియస్‌గా జోకులు వేయడం నీకే చేతనవును. "హాలు తాళంచెవి మా దగ్గరుండేది" అన్న మాట నోటుపుస్తకంలో రాసుకున్నాను.

కార్డులు సంచులకొద్దీ వస్తున్నాయి. కొందరు ఒక్క పాట పేరు రాసి ఊరుకోరు. విక్ నుంచి ఒక పళ్ల డాక్టరు, తన దగ్గరికి వచ్చినవాళ్లు భయపడకుండా మీ పాటే పెడతానని, పళ్లు పీకేటప్పుడు ఏ చరణం దగ్గర లాగాలో కూడా తెలుసునని రాశాడు. స్టోర్నవే పడవలో వంట చేసే ఒకాయన కార్డు మీద చారు మరక పడితే, దాని చుట్టూ గీత గీసి "క్షమించండి, అలలు" అని రాశాడు. "క్షమించండి, అలలు". రెండే మాటలత్తా. నేనైతే దీనికి ఒక పేరా రాసేదాన్ని.

ఫ్రేజర్‌బరాలో చేపలు కోసే పదకొండు మంది ఆడవాళ్లు ఒకే కార్డు మీద సంతకాలు చేశారు. రూలు ప్రకారం దాన్ని ఒక్క ఓటుగానే లెక్కపెట్టాలి. కళ్లనీళ్లు పెట్టుకుని లెక్కపెట్టాను.

ఏ పాట ముందుందో మాత్రం చెప్పలేను. డూగల్ మావయ్య నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అందులోనూ నీకు అస్సలు చెప్పకూడదట. ఈమధ్య ఆయన ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. కిటికీ దగ్గర నిలబడి బయటకి చూస్తుంటాడు.

నిన్న ఫోటోగ్రాఫర్ వచ్చి డూగల్ మావయ్యకీ ఇన్నెస్ మావయ్యకీ ఫోటోలు తీశాడు. ఇద్దరూ కొత్త కోట్లు వేసుకున్నారు. చాలా బాగా వచ్చాయి.

వాక్యం మార్చాను. "లవణానిలాలు" అలాగే ఉంచాను.

ముద్దులతో,
ఉనా


బకీ
3 జూలై

ఉనా,

నీ ఉత్తరం అందింది. చక్కగా రాస్తున్నావు.

ఫోటోలు బాగా వచ్చినందుకు సంతోషం. ఇద్దరైతే అట్ట మీద చోటు చాలా మిగులుతుంది.

బుధవారం రిహార్సల్ ఉండాలి. డూగల్ రద్దు చేశాడు. ఇన్నెస్ దారిలో కనిపించి, నా వైపు చూసి, చేపల ధరల గురించి మాట్లాడి వెళ్లాడు. వాడికి చేపల ధరలతో పనేముంది? వాడు మాంసం తప్ప ముట్టడు.

ఒట్టు వేశావు, నిలబెట్టుకో. నీ మీద నాకు కోపం లేదు. పంపాల్సింది పంపేశాను. పక్కకి పిలిపించుకుని మెల్లగా చెప్పించుకునే రకం కాదు మీ అత్త.

వేసవి కదా అని పలచటి బట్టలు వేసుకు తిరగకు.

ఎల్స్‌పెత్ గెడ్డెస్


గ్లాస్గో
10 జూలై

అత్తా,

నువ్వు కింద సంతకం అలా పూర్తి పేరుతో పెట్టినప్పుడే నాకు అర్థం కావాల్సింది. కాలేదు. బుద్ధిలేనిదాన్ని.

నువ్వు పంపింది దొరికింది. ఎక్కడ దొరికిందో తెలుసా? ఓట్ల సంచిలో. బకీ రేవు బొమ్మున్న పోస్టుకార్డు మీద బ్యాండ్ చిరునామా రాసి పంపితే పోస్టువాళ్లు దాన్ని ఇంకెక్కడ వేస్తారు? నేను పాట పేరు కోసం కార్డు తిప్పాను. "డూగల్‌కి. ముప్పై ఏళ్లు చాలు. నువ్వు చెప్పేలోపు నేనే చెప్తున్నాను. డ్రమ్స్ మీది కంచు సింబల్స్ నా సొంతం, పంపించు. ఎల్స్‌పెత్." చింపేద్దామనిపించింది. కానీ అది నీ ఉత్తరం, నాది కాదు. తీసుకెళ్లి మావయ్యకి ఇచ్చాను.

ఆయన చదివి సంచి మీదే కూలబడ్డాడు.

"ఇది ఎల్స్‌పెత్ రాత కాదు కదా?"

"ఆవిడదే మావయ్యా."

"నేనేం చేశానని?"

"మూడు వారాలుగా అలిగి కూర్చున్నారు."

"నేను అలిగింది ఆవిడ మీద కాదే. పోస్టుకార్డుల మీద."

ఒట్టు నుంచి నన్ను అప్పుడే విడుదల చేశాడు. ఇక విను. ఇప్పటికి నాలుగు వేల నూటపన్నెండు కార్డులు వచ్చాయి. మొదటి స్థానంలో ఉన్న పాట డూగల్ మావయ్యది కాదు. "తలుపు గడియ వెయ్యలేదు".

అవును, నువ్వు పాడినది. 1974లో మావయ్య గొంతు వాచి మాట రాకపోతే, రికార్డు వెనకవైపు ఖాళీగా పోకూడదని నీ చేత పాడించారే, అది. దానికి ఆరువందల పదకొండు. మావయ్య పాడిన వాటిలో అన్నిటికంటే పైనున్నదానికి ఐదువందల తొంభై. నా చేత మూడుసార్లు లెక్కపెట్టించాడు. మూడోసారి నీకు ఇంకో రెండు పెరిగాయి.

ఎందుకో కార్డుల్లోనే రాశారు. "మిగతావన్నీ పాత మూడు ఆల్బంలలో ఉన్నాయి. ఇది ఎందులోనూ లేదు. మా రికార్డు అరిగిపోయింది. దయచేసి." ఇలాంటివి కొల్లలు. ఆ పాట ఎందుకు లేదని మావయ్యని అడిగాను. మూడుసార్లూ జాబితాలోంచి నువ్వే కొట్టేశావట.

ఆ ఫ్రేజర్‌బరా ఆడవాళ్లు పదకొండు మందీ ఓటు వేసింది దీనికే. కత్తుల పని మీద ఉండగా పాడుకుంటారట.

ఇక ఫోటోల సంగతి. ఫోటోగ్రాఫర్ ఇరవయ్యో తారీఖు సోమవారం నీ దగ్గరికే వస్తాడు. నువ్వు గ్లాస్గో రావడానికి ఎప్పుడూ ఒప్పుకోవని వాళ్లే అలా ఏర్పాటు చేశారు. నాకు తెలుసు, రాయడం మర్చిపోయాను. స్టోర్నవే వంటాయన మరక గురించి రాశాను గానీ ఇది మర్చిపోయాను.

"ఈసారి ఎవరు" అని నువ్వు నిజంగానే అడిగావని ఇప్పుడు తెలిసింది. ఎవరూ కాదు అత్తా.

సిగ్గుతో,
ఉనా


బకీ
20 జూలై

ఒసే ఉనా,

నిన్న ఆదివారం. లోపల కిటికీ చెక్కలకి రంగు వేసుకుంటుంటే వ్యాన్ వచ్చి ఆగింది. డూగల్ దిగి వానలో నిలబడ్డాడు. వాడి వెనక ఇన్నెస్, చేతిలో వెన్నరొట్టెల డబ్బా పట్టుకుని, పెళ్లిచూపులకి వచ్చినట్టు.

"ఎవర్ని అడిగి మానేస్తున్నావ్?" అన్నాడు డూగల్. గట్టిగానే అన్నాడులే, పెదాలు చూసి కూడా తెలుసుకున్నాను.

"నువ్వు తీసేసేలోపు నేనే..."

"నిన్ను తీసేస్తే స్టేజీ మీద నా వెనక నుంచి తిట్టేదెవరు? అలవాటైపోయింది. తిట్లు లేకపోతే నాకు రెండో చరణం గుర్తురాదు."

"మరి ఆల్బం సంగతి నాకెందుకు చెప్పలేదురా?"

అప్పుడు ఇన్నెస్ డబ్బా కింద పెట్టాడు. "మే నెలలో ఫోన్ చేశాను కదక్కా. పావుగంట మాట్లాడాను. ఆల్బం, ఓట్లు, ఫోటోలు, అంతా చెప్పాను. సరే సరే అన్నావు."

ఇద్దర్నీ కూర్చోబెట్టి, పొగబెట్టిన చేపల చారు వేడిచేసి పోశాను. చేతుల్లో పని ఉంటే మాట తేలిగ్గా వస్తుంది. అప్పుడు చెప్పాను. నీకూ చెప్పనిది ఇది, ఉనా. పోయింది ఫోను ఒక్కటే కాదు. రెండేళ్లుగా స్టేజీ మీద నాకు పాట వినపడటం లేదు. ఏదో ఉరుము లాంటిది తెలుస్తుంది, అంతే. డూగల్ కుడికాలి మడమ చూసి వాయిస్తున్నాను. వాడికి తాళానికి మడమ నేలకేసి కొట్టే పాడు అలవాటు ఉంది, అదే నన్ను కాపాడుతోంది అని చెప్పాను.

డూగల్ చెంచా కింద పెట్టాడు. "నాకు ఆ అలవాటు లేదు."

"రెండేళ్లుగా చూస్తున్నానురా."

"రెండేళ్లుగానే కొడుతున్నాను. ఇరవై ఎనిమిదేళ్లు నా మొహం చూసి విసుక్కునేదానివి. ఓ రోజు ఇన్వర్నెస్‌లో ఉన్నట్టుండి మొహం మానేసి బూటు చూడటం మొదలెట్టావు. అర్థమైంది. అప్పట్నుంచి గట్టిగా తొక్కుతున్నాను."

"వాడి మోకాలికి పట్టీ కూడా వేయించాం" అన్నాడు ఇన్నెస్, రొట్టె నములుతూ.

వాళ్ల ముందు ఏడవలేదు. చారులో ఉప్పు ఎక్కువైందని చెప్పి లోపలికి వెళ్లాను.

తర్వాత అసలు సంగతి తీశారు. సెప్టెంబరు పన్నెండున ఇక్కడే, చేపల వేలం షెడ్డులో, ఆల్బం విడుదల. అందులో నేను ముందుకొచ్చి నిలబడి ఆ పాట పాడాలట. డ్రమ్స్ డూగల్ వాయిస్తాడట. "నీకు వచ్చా?" అని అడిగాను. "రాదు, కానీ మడమ ఉంది" అన్నాడు.

నా గొంతు నాకు వినపడదే, పిల్లా. పుర్రెలో గుయ్యిమంటుంది తప్ప పైన ఉన్నానో కింద ఉన్నానో తెలియదు. ఆ పాటని మూడుసార్లు ఎందుకు కొట్టేశానో కూడా విను. అది వాళ్లు నవ్వులాటకి పాడించారనుకున్నాను. చెవులు బాగున్న రోజుల్లోనే నా గొంతంటే నాకు భయం.

ఒక షరతు మీద ఒప్పుకున్నాను. పాడతాను. పాడాక నువ్వు నాకు నిజం రాయాలి. శ్రుతి తప్పితే తప్పిందని రాయి. తప్పితే డ్రమ్స్ కర్రలు కింద పెట్టేస్తాను. శ్రుతి పట్టలేని మనిషి మడమ చూసి ఎన్నాళ్లు లాక్కొస్తుంది? వీళ్లిద్దర్నీ అడిగితే ప్రేమ కొద్దీ అబద్ధమాడతారు. మాట అందం కోసం నువ్వు కూడా ఒక్క అక్షరం కలపకు.

ఫోటోగ్రాఫర్ ఇవాళ వచ్చాడు. నవ్వమన్నాడు. నవ్వుతూనే ఉన్నాను కదా అన్నాను.

అత్త


గ్లాస్గో
14 సెప్టెంబరు

ప్రియమైన అత్తా,

శనివారం నేను వ్యాన్ ఎక్కబోతుంటే నువ్వు నా వైపు చూశావు. రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. నీకు వినపడనిది, నేను విన్నది విన్నట్టు.

నువ్వు ముందుకు నడిచేటప్పుడు షెడ్డు రేకుల మీద వాన పడుతోంది. చప్పట్లు వాన కంటే ఎక్కువగా ఉన్నాయి. నువ్వు చెయ్యి ఎత్తగానే ఆగిపోయి వాన ఒక్కటే మిగిలింది. వెనక ఎక్కడో చంటిపిల్ల ఏడిస్తే వాళ్లమ్మ బయటికి తీసుకెళ్లింది. డూగల్ మావయ్య నాలుగు దెబ్బలు కొట్టాడు. మూడోది ఆలస్యమైంది.

నువ్వు మొదలుపెట్టావు. "తలుపు గడియ వెయ్యలేదు, వానలో నిలబడకు."

అత్తా, శ్రుతి తప్పింది.

అర శ్రుతి కిందకి వచ్చావు. ఇన్నెస్ మావయ్య గిటారు రికార్డులో ఉన్న చోటే ఉంది. రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటున్నట్టు వినిపించింది. నా వెనక ఒకావిడ "తగ్గిందే" అంది మెల్లగా. నువ్వు కళ్లు మూసుకుని రెండో పాదం కూడా అక్కడే పాడావు. తగ్గిన చోటే, కానీ కదలకుండా.

ఇన్నెస్ మావయ్య తీగల మీద అరచెయ్యి పెట్టి ఆపేశాడు. నీ గొంతూ, వానా, డ్రమ్స్ వెనక మడమ చప్పుడూ. అంతే ఉంది అప్పుడు షెడ్డులో.

మూడో పాదానికి ఎడమవైపు నుంచి కొందరు అందుకున్నారు. ఆ ఫ్రేజర్‌బరా ఆడవాళ్లు. బస్సు కట్టించుకుని వచ్చారు. కత్తుల పని మీద ఏ వాయిద్యమూ లేకుండా పాడుకునేవాళ్లు కదా, ఏది ముందు వినపడితే దాన్ని పట్టుకోవడం వాళ్లకి అలవాటు. వాళ్లకి నువ్వు వినపడ్డావు. నువ్వున్న చోటే పట్టుకున్నారు. వాళ్ల పక్కవాళ్లు వాళ్లని పట్టుకున్నారు. నా వెనకావిడ కూడా. పల్లవి తిరిగి వచ్చేసరికి వెయ్యిమంది ఉన్నారు, వెయ్యిమందీ అర శ్రుతి కిందే ఉన్నారు. రెండో చరణానికి ఇన్నెస్ మావయ్య ఎడమచెయ్యి ఒక గడి కిందకి జరిపి మీతో కలిశాడు. అక్కడి నుంచి చివరిదాకా తప్పు అనేది ఎక్కడా లేదు. ఆఖర్న కాళ్లతో నేల మోగించారు, అది నీకు అరికాళ్లలో తెలిసే ఉంటుంది.

నువ్వు అడిగింది తప్పిందా అని. తప్పింది. తర్వాత ఏమైందో నువ్వు అడగలేదు. కానీ అది కూడా నిజమే కాబట్టి రాశాను. ఒక్క అక్షరం కలపలేదు.

చిన్న పుస్తకంలో రెండు పేజీలు ఇచ్చేశాను. "మేము ఆరుగురం చేపల పెట్టెలు మోసేవాళ్లం" అన్న నీ మాటతో మొదలవుతుంది.

డిసెంబరులో డండీలో ప్రదర్శనకి ఎవరి పేర్లు రాయాలో మావయ్య నన్ను అడుగుతున్నాడు. నీ జవాబు వచ్చాక చెప్తానన్నాను.

నీ ఉనా


బకీ
17 సెప్టెంబరు

ఒసే పిల్లా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మధ్యలో టీకి లేవలేదు.

డూగల్‌తో చెప్పు. డండీకి ముగ్గురి పేర్లు రాయమను. ఆ పాట ఇన్నెస్ పుస్తకంలో ఉన్న శ్రుతి కొట్టేసి, అర శ్రుతి కింద రాసుకోమను. ఇక నుంచి అది అక్కడే ఉంటుంది. రిహార్సల్ బుధవారం. బూట్లు అరిగిపోయి ఉంటాయి, కొత్తవి కొనుక్కుని రమ్మను.

అత్త